డాక్టరమ్మగారికి, వదినకి, ఇంకా కొందరికి

నా ఛాతీ ఆపరేషన్ కుట్లు మానాయి. మళ్ళీ పనిలో చేరాను. సాయం చేసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరి మాట వాళ్ళకి తెలుస్తుంది.

ముందు డాక్టరమ్మగారికి. వయసు వచ్చినా నా కుడి రొమ్ము ఎదగలేదు. "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్నవాళ్ళే తప్ప సరిగ్గా పరీక్ష చేసినవాళ్ళు లేరు. మీరు రెండు చేతులూ నడుం మీద పెట్టి గట్టిగా నొక్కమన్నారు. ఎడమ వైపు ఛాతీ కండరం బిగిసింది, కుడి వైపు ఏమీ లేదు. చంక ముందు ఉండాల్సిన మడతా లేదు. తేడా రొమ్ములో మాత్రమే కాదని, దాని కింద ఉండే పెద్ద కండరంలో చాలా భాగం పుట్టుకతోనే లేదని అప్పుడు తెలిసింది. దీన్ని పోలాండ్ సిండ్రోమ్ అంటారు. 1841లో లండన్ గైస్ ఆస్పత్రిలో ఆల్ఫ్రెడ్ పోలాండ్ అనే వైద్య విద్యార్థి ఇలాంటి శరీరాన్ని చూసి వివరంగా రాశాడు కాబట్టి ఆ పేరు. ఎక్కువగా కుడి వైపే వస్తుంది, మగవాళ్ళకీ వస్తుంది. కొందరికి అదే వైపు చేతివేళ్ళు పొట్టిగానో అతుక్కునో ఉంటాయి.

ఆ రోజు మీరు నాతో కన్నా అమ్మతో ఎక్కువసేపు మాట్లాడారు. నేను కడుపులో ఉండగా గ్రహణం నాడు అమ్మ బయటికి వచ్చిందని, అందుకే నాకిలా అయిందని నాయనమ్మ పోయేదాకా అంటూనే ఉంది. వినీ వినీ అమ్మ కూడా నమ్మేసింది. "గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా. గర్భంలో ఆరో వారం ప్రాంతంలో ఆ పక్కకి రక్తం సరిగా అందక ఇలా అయ్యుండొచ్చని మా డాక్టర్లు అనుకుంటారు. ఇందులో మీ తప్పేమీ లేదు" అన్నారు మీరు. అమ్మ అక్కడే ఏడ్చేసింది. ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు ఆ మాటకే మీకు దణ్ణం మేడమ్.

మీరు ఏదీ దాచలేదు కూడా. పొట్టలోంచి కొవ్వు తీసి ఎక్కిస్తే కొంత కరిగిపోతుంది, మళ్ళీ చేయాల్సి రావచ్చు. వట్టి ఇంప్లాంట్ పెడితే కప్పడానికి కండరం లేదు కాబట్టి అంచులు బయటికి తెలుస్తాయి. అందుకని వీపు కండరాన్ని రక్తనాళాలు తెగకుండా చంక కింది నుంచి ముందుకు తిప్పి, దాని కింద సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. రెండు వైపులా అచ్చం ఒకేలా రావని, వీపు మీద మచ్చ ఉండిపోతుందని, ఇంప్లాంట్ ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చని, ఐదారేళ్ళు దాటాక మధ్యమధ్యలో స్కాన్ చేయించుకోవాలని ముందే చెప్పారు. అన్నీ తెలిసే సంతకం పెట్టాను కాబట్టి అద్దం ముందు నిలబడ్డప్పుడు నాకు నిరాశ కలగలేదు.

వదినా, "అందం కోసం ఒళ్ళు కోయించుకోవడమేంటి" అని చుట్టాలు నా ముందే అన్నప్పుడు "మోసేది తను, మీకేంటి?" అని అడిగావు. బీమా రాదని తేలితే అడక్కుండానే గాజులు బ్యాంకులో పెట్టావు. అవి విడిపించేది నేనే. వీపులో నీరు చేరకుండా పెట్టిన ట్యూబు సీసాలు ఎలా ఖాళీ చేయాలో, ఎన్ని ఎం.ఎల్. వచ్చిందో ఎలా రాయాలో వార్డు సిస్టర్ దగ్గర ఓపిగ్గా నేర్చుకున్నావు. ఆ సిస్టర్‌కీ నా నమస్కారాలు. డ్రెస్సింగ్ చేసేటప్పుడు ప్రతిసారీ ముందు తెర లాగి, తర్వాతే నా మీద చెయ్యి వేసేది.

టైలర్ అక్కా, ఇన్నేళ్ళూ నా జాకెట్లకి ఒక పక్కే ప్యాడ్ పెట్టి కుట్టావు. నేను నోరు తెరిచి చెప్పకుండానే నీకు అర్థమైంది. కొట్లో ఎందరున్నా నా కొలతలు లోపలి గదిలోనే తీసుకున్నావు, వీధిలో ఒక్కరి చెవినా పడనివ్వలేదు. వాపు పూర్తిగా తగ్గాక కొత్త జాకెట్లు కుట్టించుకోవచ్చని మేడమ్ అన్నారు. నీ పుస్తకంలో నా పాత కొలతలు కొట్టెయ్యి, వస్తున్నాను.