గుర్రాల దగ్గర నా పని గురించి

ఏరా, ఎలా ఉన్నావు?

నీ ఉత్తరం అందింది. "వైకల్యం ఉన్నవాళ్లను గుర్రం ఎక్కించి తిప్పడమేనా నీ ఉద్యోగం?" అని అడిగావు. తిప్పడం కాదురా, స్వారీ నేర్పడం. ఆ తేడా నీకు తీరిగ్గా చెప్పాలనిపించి కూర్చున్నాను.

ముందు గుర్రం సంగతి. అది నడుస్తుంటే దాని వీపు ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ, పక్కలకీ కదులుతుంది. దాంతో పైన కూర్చున్నవాళ్ల నడుము దాదాపు మనం నడిచేటప్పటిలాగే ఊగుతుంది. సొంతంగా ఎన్నడూ నడవని పిల్లల ఒంటికి కూడా నడక లయ అలా తెలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పడం) వల్ల బిగుసుకుపోయిన కాళ్లు ఆ ఊపుకీ, గుర్రం ఒంటి వెచ్చదనానికీ కాసేపటికి కొంచెం సడలడం చూస్తుంటాను. ఈ కదలికనే చికిత్సగా వాడే హిప్పోథెరపీ వేరే ఉంది, అది ఫిజియోథెరపిస్టుల్లాంటి వాళ్లు చేసేది. నా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం విద్యార్థులు.

ఎక్కించే ముందు చాలా చూసుకోవాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ ఎముకల పట్టు వదులుగా ఉంటుంది, అందుకే డాక్టర్ సరేనంటేనే ఎక్కిస్తాం. ఫిట్స్ అదుపులో లేకపోతే వద్దంటాం. ఎంతో ఆశతో వచ్చిన అమ్మానాన్నలకు ఆ మాట చెప్పడం చాలా కష్టంరా. హెల్మెట్ అందరికీ తప్పనిసరి. పడితే కాలు ఇరుక్కోకుండా విడిపోయే రికాబులు (పాదాలు ఆనించే కొక్కేలు) ఉంటాయి. ఒకరు ముందు గుర్రాన్ని పట్టుకుని నడుస్తారు, అవసరమైతే చెరోపక్కా ఒకరు ఉంటారు.

పక్కన నడిచేవాళ్లకు నేను పదేపదే చెప్పేది తొందరపడి సాయం చేయొద్దనే. ఒకమ్మాయి ఉంది, చేతులు తను చెప్పినట్టు వెంటనే వినవు. ఎర్ర కోను దగ్గరికి తిప్పమన్నాను. పగ్గం బిగించడానికి చాలాసేపు పట్టింది. పక్కనున్నతను చేయి చాపబోతే ఆపాను. గుర్రం కదలకుండా నిలబడింది. చివరికి ఆ అమ్మాయి తిప్పింది, కానీ నీలం కోను వైపు! "అటే వెళ్లాలనుంది" అంది. సరే పద అన్నాను. రోజంతా ఎవరో ఒకరు తనను ఎత్తి, దించి, ఎటు కావాలంటే అటు జరుపుతుంటారు. అంత పెద్ద జంతువు తన మాట విని, తను కోరిన వైపు నడిచిందంటే అది చిన్న విషయమా?

లిస్ హార్టెల్ అని డెన్మార్క్ ఆవిడ ఉండేది. 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద చచ్చుబడిపోయింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా మనుషులు సాయం పట్టాలి. అలాంటిది 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, డ్రెసాజ్ (గుర్రంతో పద్ధతిగా అడుగులు వేయించడం) పోటీలోకి ఆడవాళ్లను రానిచ్చిన మొదటిసారే, రజతం గెలిచింది. 1956లో మళ్లీ గెలిచింది. ఆవిడను చూశాకే ఎన్నోచోట్ల ఇలాంటి స్వారీ బడులు మొదలుపెట్టాలన్న ఊపు వచ్చింది.

గుర్రాల గురించి ఎవరూ అడగరు గానీ, వాటికీ ఇది బరువైన పనే. ఒక పక్కకి ఒరిగిపోయే మనిషిని మోస్తూ, ఉన్నట్టుండి వచ్చే కేకలకు బెదరకుండా నడవాలి. చెవులు వెనక్కి వాల్చి, జీను బిగిస్తుంటే కొరకబోతోందంటే ఆ రోజుకి దానికి సెలవే, పాఠం రద్దయినా సరే. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మాకు పక్కన నడిచేవాళ్లు ఎప్పుడూ తక్కువే. గుర్రాలు తెలియకపోయినా పర్లేదు, నేర్పుతాను. నీకు వీలైన వారం రాయి. వచ్చేటప్పుడు చెప్పులు కాదు, వేళ్లు కప్పే గట్టి బూట్లు వేసుకుని రా.

నీ
నేస్తం