చిన్న బండ్లని అద్దాల బీరువాలో పెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో ఆటో పేజీ వచ్చిన రోజు మా ఇంట్లో ఆ పేజీ ముందు నా చేతికే వస్తుంది, పాత మోటార్ సైకిళ్ళ గురించి రాసినప్పుడైతే రెండుసార్లు చదువుతాను. కానీ ఇన్నేళ్ళుగా చూస్తున్నా, ఎంతసేపూ పెద్ద బండ్ల గురించే రాస్తున్నారు తప్ప, జపాన్ వాళ్ళు పిల్లల సైజులో చేసిన మినీ ట్రెయిల్ బండ్ల గురించి ఒక్క ముక్క కూడా రాలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అవుతుంది, ఏమీ అనుకోకండి.

మా నాన్నగారి ఉద్యోగం మూలాన మా చిన్నతనం అంతా అమెరికాలో గడిచింది, డెబ్భైల్లో. అప్పట్లో అక్కడ ఏ గరాజ్ తలుపు తీసినా మూలన ఒక చిన్న హోండానో యమహానో కనబడేది. మా నాన్న ఎవరో వాడి వదిలేసిన హోండా జెడ్50ఏ తెచ్చారు, దాన్నే అందరూ మినీ ట్రెయిల్ అనేవాళ్ళు. 49 సీసీ ఇంజన్, మూడు గేర్లు, 8 అంగుళాల చక్రాలు. అన్నయ్యకీ నాకూ కలిపి ఒకటే బండి, కాబట్టి రోజూ గొడవే, ఒకళ్ళు తోలుతుంటే రెండోవాళ్ళు పక్కన పరిగెత్తుతూ "ఇంక దిగు, నా వంతు" అని అరుస్తూ ఉండటమే. అమ్మ వరండాలో నించుని "పడతావే, మెల్లగా" అని నన్ను మాత్రమే అనేది, అన్నయ్యని అనేది కాదు, ఆ కోపంతోనే నేను వాడికంటే బాగా నేర్చుకున్నానని ఇప్పటికీ నా నమ్మకం.

ఈ బండ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చాలామందికి తెలీదు. 1961లో హోండా వాళ్ళు టోక్యో శివార్లలో తమా టెక్ అని ఒక పార్కు పెట్టారు, అక్కడికి వచ్చే పిల్లలు సొంతంగా తోలుకోవడానికి 5 అంగుళాల చక్రాలతో జెడ్100 అని ఒక బుల్లి బండి చేశారు. అందులో పెట్టింది బొమ్మ ఇంజన్ కాదు, 1958లో వచ్చిన సూపర్ కబ్ ఇంజనే. అంటే పెద్దవాళ్ళు పనికి వెళ్ళే బండి ఇంజన్ తీసి పిల్లల బండికి పెట్టారన్నమాట. మొదటి నుంచీ ఇది పిల్లల చేతికి ఇవ్వడానికే పుట్టింది, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీని మీదే నా అసలు మాట ఉంది. పార్కులో జనానికి తెగ నచ్చడంతో రోడ్డు మీద తిరిగే మోడళ్ళు వచ్చాయి, 1967లో జపాన్‌లో మంకీ పేరుతో జెడ్50ఎమ్, 1968లో అమెరికాలో మట్టి దారుల కోసం మా జెడ్50ఏ, ఆ వెంటనే 1969లో సీటీ70.

సీటీ70 నాన్న స్నేహితుడి దగ్గర ఉండేది. 72 సీసీ, 10 అంగుళాల చక్రాలు, రేకు నొక్కి చేసిన వెడల్పాటి ఫ్రేము, పెట్రోల్ ట్యాంకు కూడా ఆ ఫ్రేము లోపలే, సీటు ఎత్తి పోయాలి. మెరిసే క్యాండీ ఎరుపు రంగు, ఎండలో పెడితే దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయేదాన్ని. హ్యాండిల్ కింద రెండు పెద్ద నాబ్‌లు ఉంటాయి, వాటిని వదులు చేస్తే హ్యాండిల్ మడుచుకుపోతుంది, బండిని కారు వెనకాల పడేసుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. సెలవులకి ఊరి బయట టెంట్లు వేసుకునే చోటికి వెళ్తే ఆ అంకుల్ ముందు దించేది ఆ బండినే. మేం టెంట్ మేకులు కొట్టడానికి సాయం చేస్తే, చేసిన పనిని బట్టి ఎన్ని రౌండ్లు వెయ్యొచ్చో చెప్పేవారు, ఆ లెక్కలో ఆయన ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

ఈ రెండు బండ్లలోనూ గొప్ప సంగతి ఏంటంటే క్లచ్ లివర్ ఉండదు. గేరు పెడల్ నొక్కగానే లోపల క్లచ్ దానంతట అదే విడిపోతుంది, రేజ్ ఇస్తే పట్టుకుంటుంది, రేజ్ తగ్గిస్తే వదిలేస్తుంది. పిల్లలకి ఒకేసారి అన్నీ నేర్పకుండా ముందు యాక్సిలేటరూ బ్రేకూ, తర్వాత గేర్లు, ఆ తర్వాతే క్లచ్ అని వరుస పెట్టి నేర్పినట్టు ఉంటుంది. సీటీ70లోనే నాలుగు గేర్లూ క్లచ్ లివరూ ఉన్న హెచ్ మోడల్ కూడా వచ్చింది, యమహా వాళ్ళ మినీ ఎండ్యూరోకి కూడా మామూలు క్లచ్చే. దాంట్లో టూ స్ట్రోక్ ఇంజన్, ఆయిల్ దానంతట అదే కలిసే ఆటోల్యూబ్ ఉండేది, పొగ వాసనా శబ్దమూ పూర్తిగా వేరు. హోండా మాత్రం నెమ్మదిగా కుట్టుమిషన్ లాగా కొట్టుకునేది. సుజుకీ వాళ్ళ ఆర్‌వీ90 అని ఇంకోటి, లావుపాటి టైర్లు, ఇసకలో కూడా దిగబడకుండా వెళ్ళేది, అది తోలే అవకాశం నాకు రాలేదు, ఇప్పటికీ మనసులో ఉంది.

మా జెడ్50ఏకి వెనకాల షాకులు (కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్లు) లేవు. 1972 మోడల్ నుంచే వచ్చాయి అవి, మాది అంతకు ముందుది. అందుకని గతుకు వచ్చిందంటే నడుం దగ్గర్నుంచి పళ్ళ దాకా తెలిసేది. నాన్న చెప్పకుండానే మేం నేర్చుకున్నది ఏంటంటే గతుకుకి కొంచెం ముందే ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నించోవాలి, మోకాళ్ళు వదులుగా పెట్టుకోవాలి, దిగుడులో వెనక్కి జరగాలి, కంకర మీద బ్రేక్ గట్టిగా పట్టకూడదు, అన్నిటికంటే ముఖ్యం ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే చూడాలి, రాయి వైపు చూస్తే బండి రాయి మీదికే పోతుంది. ఇవన్నీ ఒంటికి పట్టిన చదువు. ఈ రోజుకి కూడా కారులో వర్షంలో వెళ్తుంటే నా కాలు బ్రేకు మీద ఎంత బరువు వెయ్యాలో నాకు ఆ చిన్న బండే చెబుతుంది.

ఇంకో చదువు గరాజ్‌లో జరిగేది. బండి స్టార్ట్ అవ్వకపోతే నాన్న చెయ్యి పెట్టేవారు కాదు, "పెట్రోల్ వస్తోందా, కరెంట్ వస్తోందా, ముందు అది చూడండి" అని స్టూల్ మీద కూచునేవారు. ప్లగ్గు విప్పి, వైర్ మళ్ళీ తగిలించి, ప్లగ్గుని ఇంజన్ ఫిన్స్‌కి ఆనించి పెట్టి, లైటు తీసేసి, అన్నయ్య కిక్ కొడితే నేను కళ్ళు దగ్గర పెట్టి చూడాలి. ఆ చీకట్లో ప్లగ్గు చివర చిన్న నీలం నిప్పు టక్కుమని మెరిసేది. నీలంగా గట్టిగా వస్తే కరెంట్ బాగున్నట్టు, ఎర్రగా సన్నగా వస్తే పాయింట్లు, అంటే కరెంట్‌ని కలిపి తెంచుతూ ప్లగ్గులో నిప్పు పుట్టించే చిన్న లోహపు మొనలు, మాసినట్టు. అప్పుడు కవర్ తీసి, ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్‌కి ఉన్న కిటికీలోంచి సన్న రేకు గేజ్ పెట్టి పాయింట్ల సందు చూసేవాళ్ళం, అది అర మిల్లీమీటర్ కూడా ఉండదు, నల్లబడితే సన్నటి గరుకు కాయితంతో ఒక్కసారి రుద్దితే చాలు. బ్యాటరీ లేకపోయినా ఆ మాగ్నెటో (ఫ్లైవీల్‌లో ఉండే అయస్కాంతాలూ వాటి పక్కన తీగచుట్టా) తిరిగితే చాలు కరెంట్ పుడుతుంది అని తెలిసిన రోజు నేను రాత్రి నిద్రపోలేదు. స్కూల్లో అయస్కాంతం పాఠం వచ్చినప్పుడు టీచర్ అడిగేలోపే చెయ్యి ఎత్తాను. నేను తర్వాత ఇంజనీరింగ్ చదవడానికి ఆ గరాజే కారణం, ఇందులో ఏమీ పెంచి చెప్పట్లేదు.

ఇంత మంచి బండ్లకి ఇప్పుడు ఏమవుతోంది? పాత మోడళ్ళకి, అందులోనూ 1968, 69 నాటి మొదటి వాటికి, సేకరించేవాళ్ళలో గిరాకీ పెరిగింది. పెరగడం మంచిదే, తుక్కులోకి పోయేవి బతుకుతున్నాయి. విడి భాగాలు వెతికి తెచ్చి, అదే క్యాండీ రంగు పొరలు పొరలుగా కొట్టించి, క్రోమ్ మెరిపించి, ఎంతో ఓపికగా బాగుచేస్తున్నారు, వాళ్ళ పనితనానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. బాధ ఏంటంటే ఆ తర్వాత చాలామంది ఆయిల్ తీసేసి, ట్యాంకు ఎండబెట్టి, డ్రాయింగ్ రూమ్‌లో అద్దాల వెనకాల పెట్టేస్తున్నారు. ఒక ప్రదర్శనకి మా మనవణ్ణి తీసుకెళ్ళాను, వరసగా ఎన్నో మినీ ట్రెయిల్స్, ఒక్కదాని ఇంజన్ కూడా తిరగలేదు, ముట్టుకోవద్దు అని చీటీలు. వాడు సీటు ఎత్తు సరిగ్గా తన నడుం దాకా ఉన్న బండి ముందు నించుని, "అమ్మమ్మా, ఇది నా సైజే కదా, మరి నన్నెందుకు ఎక్కనివ్వరు" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, వాడి మాటే న్యాయం అనిపించింది.

నిలబెడితే బండి బాగుంటుంది అనుకోవడం కూడా పొరపాటే. పెట్రోల్ మిగిలితే కార్బొరేటర్ జెట్‌లో, అంటే పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రంలో, జిగురులా గడ్డకడుతుంది, ఖాళీ ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, ఇంజన్ తిరక్కపోతే రబ్బరు సీళ్ళు ఎండి గట్టిపడతాయి, టైర్లు ఒకేచోట నొక్కుకుని పగుళ్ళిస్తాయి. అప్పుడప్పుడు స్టార్ట్ చేసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా తోలి, ఆయిల్ మారుస్తూ ఉంటే (లీటరు కూడా పట్టదు ఇంజన్‌లో) ఆ బండి మన తర్వాత కూడా ఉంటుంది. సూపర్ కబ్ వంశం కదా, పని చెయ్యడానికి చేసిన ఇంజన్ అది.

పిల్లలకి ఇవ్వడం ప్రమాదం కాదా అని అడుగుతారు, తెలుసు. ప్రమాదమే, హెల్మెట్ లేకుండా, పెద్దవాళ్ళు లేకుండా, రోడ్డు మీద అయితే. నేను అడుగుతున్నది అది కాదు. వేరే బండ్లు రాని ఆరుబయట స్థలం, సరైన సైజు హెల్మెట్, గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు, నిండు ప్యాంటు, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. నా కుడి పిక్క మీద సైలెన్సర్ తగిలిన మచ్చ ఇంకా ఉంది, నిండు ప్యాంటు ఎందుకు అంటున్నానో అర్థం చేసుకోండి. ఇవన్నీ పెట్టాకే బండి ఇవ్వండి, కానీ ఇవ్వండి.

1970 ప్రాంతంలో అమెరికాలో ఒక పెద్ద పని జరిగింది, అది మీ పాఠకులకి తెలియాలి. హోండా వాళ్ళు యువకుల బాగు కోసం పనిచేసే వైఎంసీఏ అనే సంస్థకి 10,000 మినీ బైకులు ఇచ్చారు, చెడు దారి పట్టిన, కోర్టుల దాకా వెళ్ళిన కుర్రాళ్ళ కోసం. బండి తోలడం వాళ్ళకి బహుమానం, మంచిగా మెలిగితేనే దక్కేది. పిల్లవాడి మీద నమ్మకం ఉంచి ఇంజన్ చేతికిస్తే వాడిలో మార్పు వస్తుందని అంత పెద్ద సంస్థలు నమ్మిన రోజులవి. దానికి పూర్తి విరుద్ధంగా 2008లో అక్కడే పిల్లల వస్తువుల్లో సీసం మీద చట్టం చేస్తే, బ్యాటరీ కొనల్లో, ఇత్తడి భాగాల్లో ఉన్న సీసం మూలాన 12 ఏళ్ళు, అంతకంటే చిన్న పిల్లల కోసం చేసిన బండ్లు కూడా ఆ నిషేధంలోకి వచ్చి 2009లో షాపుల్లో అమ్మకం ఆగిపోయింది. బ్యాటరీ కొనలు నాకే పిల్లాణ్ణి నేనైతే ఎక్కడా చూళ్ళేదు. తల్లిదండ్రులూ బండ్లవాళ్ళూ గట్టిగా అడిగితే 2011లో సవరించారు. అమ్మకం ఆగిన ఆ కాలంలో, చిన్న బండ్లు దొరక్క పిల్లలు పెద్ద బండ్లు ఎక్కితే ఇంకా ప్రమాదం అని చాలామంది మొత్తుకున్నారు, అది నిజం కూడా, కాళ్ళు నేలకి అందని బండి కంటే అందే బండే మేలు.

తమా టెక్ పార్కు 2009లో మూసేశారు. 50 సీసీ మంకీ 2017లో ఆగిపోయింది, 2018లో 125 సీసీతో మళ్ళీ వచ్చింది, 2022లో డాక్స్ కూడా వచ్చింది, సీటీ70కి జపాన్‌లో ఉన్న పేరు అదే. చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి కానీ అవి పెద్దవాళ్ళ జ్ఞాపకాల కోసం చేసినవి, పిల్లలకి బరువు. పిల్లల కోసం యమహా పీడబ్ల్యూ50 మాత్రం 1981 నుంచి వస్తూనే ఉంది, దాన్ని చేసేవాళ్ళకి నా తరఫున నమస్కారం.

అయ్యా, మీ ఆటో పేజీలో ఒక్క వారం ఈ చిన్న బండ్లకి కేటాయించండి. వీటిని బాగుచేసేవాళ్ళతో మాట్లాడించండి, ఫొటోలో బండి పక్కన పిల్లవాడు కూచుని ఉండాలి, ఇంజన్ ఆన్‌లో ఉండాలి. ఈ ఉత్తరం చదివేవాళ్ళలో ఎవరి దగ్గరైనా ఏళ్ళ తరబడి కదలని మినీ ట్రెయిల్ ఉంటే, కిక్ బిగుసుకుపోయింది కదా అని కాలితో గట్టిగా తొక్కకండి, ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి కొన్ని రోజులు వదిలేయండి, తర్వాత చేత్తో ఫ్లైవీల్‌ని అటూ ఇటూ మెల్లగా కదపండి. కదిలిందంటే కార్బొరేటర్ విప్పి కడగండి, ట్యాంకు కడిగి కొత్త పెట్రోల్ పోయండి, పాయింట్లు చూడండి, పాత ఆయిల్ మొత్తం దించేసి కొత్తది పోయండి. స్టార్ట్ అయ్యాక మొదటి రౌండు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళకి ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు