2024–25 వార్షిక నివేదిక: వినికిడి లోపమున్న పిల్లల తల్లిదండ్రుల సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఆదివారం తరగతుల్లో ఎక్కువ సమయం ఒక్క విషయానికే కేటాయించాం: పలుకు నిడివి. వినికిడి మిషన్ పెట్టుకుని ఏళ్లు గడిచిన పిల్లల మాట కూడా ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది, బస్సు కండక్టరుకు తెలియదు. హ్రస్వాల్ని సాగదీయడం అందుకో పెద్ద కారణం. దీర్ఘం హ్రస్వానికి దాదాపు రెండింతలుంటేనే ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు. రెండూ సాగితే వినేవాడికి తేడా ఏం మిగులుతుంది? పైగా మనం “నెమ్మదిగా చెప్పు నాన్నా” అన్నకొద్దీ హ్రస్వం ఇంకా సాగుతుంది. అందుకే తరగతుల్లో ఆ మాట మాన్పించాం.

సాధనకు బొమ్మలు గీయగలిగే జతలే తీసుకున్నాం: మెడ–మేడ, పడు–పాడు, గద–గద్ద, గడి–గడ్డి. ముందు వినికిడి, తర్వాతే పలుకు. పెద్దవాళ్లు పిల్లవాడికి బాగా వినిపించే చెవి వైపు కూర్చుని మాట చెబుతారు, వాడు బొమ్మ చూపిస్తాడు. పెదాలు కనబడకుండా చెయ్యి అడ్డం పెడితే శబ్దమే మారిపోతుంది. పక్కన కూర్చుంటే చాలు. పలికేటప్పుడు అక్షరానికో చప్పట్లు కొట్టించకూడదు. దెబ్బలన్నీ సమానంగా పడి ‘మే’, ‘డ’ రెండూ ఒకే నిడివికి వస్తాయి. బల్ల మీద లఘువుకు వేలితో చుక్క, గురువుకు గీత గీయిస్తే నిడివి తేడా నిలిచింది. ‘గద్ద’ దగ్గర మాత్రం జాగ్రత్త: అక్కడ గురువు ద్విత్వం వల్ల వచ్చింది, అచ్చు సాగకూడదు. నాలుక పళ్ల వెనక ఆనుకుని కాసేపు ఆగాలి. ఇది చెప్పకుండా గీత ఒక్కటే చూపిస్తే పిల్లలు ‘గాద’ అంటారు.

వాక్యంలో మాటమాటకీ ఊపిరి తీసుకునే పిల్లలకు చివరి నుంచి కట్టుకొచ్చాం: ‘వేస్తోంది’, ‘ఆకలి వేస్తోంది’, ‘నాకు ఆకలి వేస్తోంది’. కాగితం చూసి చదివిస్తే మళ్లీ పదానికో ఆగుడు వస్తుంది, బొమ్మ చూసి చెప్పించండి.

ఫలితం చూడడానికి రికార్డింగులు చేశాం. ఫ్యాన్, టీవీ ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో ఉంచి, జతల్ని కలగాపులగం చేసి చెప్పించాలి. విని రాసేవాళ్లు ఆ పిల్లవాణ్ని ఎరగని పెద్దవాళ్లై ఉండాలి. అమ్మ రాస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి! నిడివి కొలవడానికి ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. ఫోనులో నాయిస్ తగ్గించే సదుపాయం ఆన్‌లో ఉంటే మాట మొదలూ చివరా కోసుకుపోయి కొలత తప్పుతుంది.

నిడివి కుదిరితే మాట మొత్తం బాగుపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. బధిర పిల్లల రికార్డింగుల్లో నిడివి తప్పుల్ని కంప్యూటరుతో దిద్ది వినిపించిన 1979 నాటి అమెరికా పరిశోధనలో కూడా అర్థమయ్యే తీరు కొద్దిగానే పెరిగింది. ప–బ, త–ద తారుమారైతే నిడివి దాన్ని కప్పలేదు. వచ్చే ఏడాది తరగతుల్లో సగం హల్లులకు ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదన.

ఇక మిషన్ల సంగతి. మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియడానికి రోజూ పొద్దున ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ వినిపించి చూడండి. బ్యాటరీ స్టిక్కర్ తీశాక రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టండి. రాత్రిపూట బ్యాటరీ తీసి మిషన్‌ను సిలికా జెల్ డబ్బాలో ఉంచండి. ఎదిగే పిల్లలకు చెవి అచ్చు (చెవిలో అమరే ఇయర్ మోల్డ్) వదులై కూత వస్తే సౌండు తగ్గించకండి, అచ్చు మార్పించండి.

ఆదాయవ్యయ పట్టిక విడిగా జతచేశాం. బొమ్మల కార్డుల సెట్లు కావలసినవాళ్లు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.