కండ తీశాక మిగిలే అంచు

చిన్నా,

కంట్లో కండ (టెరీజియం) తీయించుకుంటానన్నావు, తీయించుకో. నల్లగుడ్డు మీదికి అంత పాకి, అద్దాల్లో నల్లగుడ్డు వంపు తేడాను సరిదిద్దే సిలిండర్ పవర్ మారిపోతుంటే ఇంకా ఆగడంలో అర్థం లేదు. కాకపోతే పెరిగినదాన్ని గీకి పారేస్తే అయిపోతుందని నువ్వు అనుకుంటున్నట్టుంది. అందులో గీకడమే తేలిక పని.

నల్లగుడ్డు పైన అద్దంలా ఉండేది కార్నియా. తెల్లగుడ్డును కప్పే పల్చటి పొర కంజంక్టైవా. రెండూ కలిసే చోట చుట్టూరా 1 నుంచి 2 మి.మీ. వెడల్పున ఉండే అంచు లింబస్. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే మూలకణాలు అక్కడే ఉంటాయి. రక్తనాళాలున్న కంజంక్టైవాను కార్నియా మీదికి రానివ్వని గట్టు కూడా అదే. ఏళ్ల తరబడి ఎండకు, అందులోని అతినీలలోహిత కిరణాలకు ఆ గట్టు దెబ్బతింటుంది. ఎక్కువగా ముక్కు వైపునే తెగుతుంది, కండ అక్కణ్నుంచే లోపలికి పాకుతుంది. కండ తీసినంత మాత్రాన తెగిన గట్టు పూడదు.

కంటికి మత్తిచ్చి, కండ తలను, అంటే ముందుకు పాకిన కొనను, కార్నియా మీంచి ఒలుస్తారు. కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. లోతుగా చెక్కితే పల్చబడి మచ్చ మిగులుతుంది. తర్వాత కంజంక్టైవా కింద పెరిగిన పీచు కణజాలాన్ని తీస్తారు. కన్ను లోపలికి తిప్పే కండరం లింబస్‌కు దాదాపు 5.5 మి.మీ. దూరంలోనే అతుక్కుని ఉంటుంది. మొదటిసారి దాన్ని తప్పించడం కష్టం కాదు. తిరగబెట్టిన కండైతే పాత మచ్చ ఆ కండరాన్ని పట్టేసుకుని ఉంటుంది, పని చిక్కుపడేది అక్కడే.

ఇప్పుడు తెల్లగుడ్డు బట్టబయలుగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసే పాత పద్ధతిలో సగం మందికి పైగా తిరగబెట్టిన లెక్కలున్నాయి. రెండోసారి వచ్చేది మొదటిదానికన్నా మందం, మొండి. అందుకే పైరెప్ప కింద, ఎండ తగలని చోటి నుంచి నీ కంజంక్టైవానే తీసి అక్కడ అతికిస్తారు. ఆ అతుకు పొరనే గ్రాఫ్టు అంటారు, అది పల్చగా ఉండాలి. కింది పీచు కూడా వస్తే వాచి, తర్వాత ముడుచుకుపోతుంది. కాస్త పెద్దదిగా కోయాలి. దాని లింబస్ వైపు అంచు లింబస్ వైపే రావాలి, పైముఖం కిందికి వచ్చేలా తిరగేసి పెడితే అతకదు. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లతో చేసిన జిగురు, ఫైబ్రిన్ గ్లూతో అతికిస్తే కుట్ల గరగర ఉండదు. గ్లకోమా (కంటి ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా ముందే చెప్పు. పైభాగంలోని పొరను ఆ ఆపరేషన్ కోసం అట్టిపెట్టాల్సి రావచ్చు.

కణాలు పెరగకుండా చేసే మైటోమైసిన్ అనే మందు వాడతారేమో అడుగు. సాధారణంగా 0.02 శాతం మందును కాసేపు అద్ది కడిగేస్తారు. మళ్లీ పెరిగే అవకాశాన్ని అది తగ్గిస్తుంది. కానీ మూలకణాలనూ దెబ్బతీయగలదు, నెలలు, ఏళ్ల తర్వాత కూడా తెల్లగుడ్డు కరిగి పల్చబడొచ్చు. మొదటిసారి, చిన్న కండకు మంచి గ్రాఫ్టు ఉండగా అది ఎందుకో నాకైతే అర్థం కాదు.

తర్వాత మొదటి రోజులు మంట, నీళ్లు. కార్నియా పైపొర వారం లోపు పూడుకుంటుంది. మొదటి వారం కన్ను నలిపావంటే గ్రాఫ్టు జరిగిపోతుంది, నిద్రలో చెయ్యి పోకుండా షీల్డు పెట్టుకో. గ్రాఫ్టు వాచి అంచున ఎత్తుగా ఉంటే, పక్కనున్న కార్నియాకు కన్నీటి పొర అందక చిన్న గుంట పడుతుంది. దానికి కన్నీటి చుక్కలు తరచుగా వెయ్యాలి, ఒక్కోసారి కట్టు కడతారు. ఎర్రటి బుడిపె లేస్తే అది కండ తిరగబెట్టడం కాకపోవచ్చు, గాయం మానేటప్పుడు లేచే కణజాలపు ముద్ద, గ్రాన్యులోమా కావచ్చు, చూపించు. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి తగ్గించుకుంటూ వెయ్యాలి. ఎరుపు పోయిందని మధ్యలో మానేయకు, కంటి ప్రెషర్ చూపించుకోకుండా సాగదీయకు.

తిరగబెడితే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే, కాబట్టి ఎండలోకి వెళ్తే పక్కలు కూడా మూసే చలువ అద్దాలు పెట్టుకో. పవర్ అద్దాలు మాత్రం ఇప్పుడే మార్పించకు. కండ లాగుడు పోయాక కార్నియా వంపు కుదురుకోవడానికి 1 నుంచి 3 నెలలు పడుతుంది.

అమ్మ