బెంగళూరు లెక్కలు, చిత్తూరు నుంచి

కట్టమంచి, చిత్తూరు
ఆదివారం రాత్రి

ప్రియమైన గిరీ,

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను, తిట్టుకోకుండా చదువు. పోయిన ఆదివారం బెంగళూరు వచ్చాను. మీ ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఐదు ఇళ్ళు చూసి, నీకు ఫోను కూడా చెయ్యకుండా తిరిగి వచ్చేశాను. చెబితే ఏమయ్యేదో నాకు తెలుసు. బస్సు దిగిన చోటే పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టించి, సాయంత్రం మేడ మీద చల్లగాలిలో కూర్చోబెట్టి "చూశావా మా ఊరు" అనేవాడివి. ఆ గాలికే నేను సరే అనేసేవాణ్ణి. ఈ సంగతులు ఫోనులో చెబితే ప్రతి మాటకూ అడ్డం వస్తావు కాబట్టి కాగితం పట్టాను.

మా ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను ఎం.జి. రోడ్డులోని హెడ్డాఫీసుకు రమ్మంటున్నారని నీకు తెలిసిందే. జీతం 48,000 నుంచి 72,000 అవుతుంది. తోతాపురి మామిడిని మనం బెంగళూరా అంటాం కదా, ఇరవై ఏళ్ళుగా నేను రాసేవి బెంగళూరా లెక్కలే. కాయ చిత్తూరులోనే ఉండిపోయి, లెక్కలు రాసేవాడు బెంగళూరు పోతున్నాడని ఆఫీసులో ఒకటే ఎగతాళి.

పెద్దమ్మాయిని వెంట తీసుకొచ్చాను. ముళబాగిలు దాటిన దగ్గర నుంచి దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతూ వచ్చింది. "నాన్నా, ఇది మన లిపే, తలకట్టు మాత్రం మార్చుకున్నారు" అంది. కోలారు వచ్చేసరికి నాకంటే వేగంగా చదివేస్తోంది. కన్నడం గురించి మా ఆవిడకున్న భయం అక్కడితో సగం పోయింది. అక్కడి బడుల్లో 2015 చట్టం ప్రకారం కన్నడం ఒక భాషగా చదవాల్సిందే. రెండో తరగతి చదివే చిన్నవాడికి అదేమీ బరువు కాదు.

ఇళ్ళ సంగతి చెబుతాను. కె.ఆర్. పురం మెట్రోకు నడిచి వెళ్ళేంత దూరంలో రెండు పడక గదుల ఇల్లు. అద్దె 25,000, మెయింటెనెన్సు 2,500, అడ్వాన్సు ఆరు నెలలు. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె పట్టుకుంటారట. ఇంటావిడ చక్కటి తెలుగు మాట్లాడింది, పుట్టిల్లు మదనపల్లె వైపట. వంటింట్లో పక్కపక్కనే రెండు కుళాయిలున్నాయి. ఎడమది కావేరి, కుడిది బోరు. కావేరి రోజు విడిచి రోజు వస్తుంది, పప్పు ఆ నీళ్ళతోనే ఉడుకుతుంది కాబట్టి బిందెల్లో పట్టి పెట్టుకోవాలి అంది. 2024 వేసవిలో మాత్రం రెండూ ఎండిపోతే ట్యాంకరు కోసం వీధి చివర కాపలా కాశారట. ఈలోగా మా అమ్మాయి పడకగది కిటికీ తెరిచింది. చెయ్యి చాపితే పక్కింటి గోడ అందింది. ఆ గోడకున్న మేకుకు ఎవరిదో తువ్వాలు వేలాడుతోంది. "ఈ కిటికీ దేనికి నాన్నా?" అని అడిగింది. బ్రోకరు నవ్వాడు, నేను మాట మార్చాను.

వచ్చే దారిలోనే, బస్సులో, లెక్క వేశాను. జీతం పెరిగేది 24,000. అక్కడ ఇంటికి 27,500 పోతుంది. ఇక్కడ నాన్న కట్టిన ఇల్లు అద్దెకిస్తే 9,000 వస్తుంది. అంటే నికరంగా 18,500 ఇంటికే. ఇంకా 5,500 మిగులుతుంది. పరవాలేదు, పాలు మన దగ్గరి కంటే చవక, పెట్రోలు లీటరుకు ఆరేడు రూపాయలు తక్కువ అనుకున్నాను. కరెంటు ఉచితమని నువ్వు గొప్పగా చెబుతావు కదా, అదీ ఆరా తీశాను. 200 యూనిట్లన్నది పైహద్దు మాత్రమే. ఆ మీటరుకు పాత వాడకం సగటు ఎంత ఉందో దాన్నిబట్టి కొంత కలిపి ఇస్తారు, 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. వృత్తి పన్ను రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, దాన్ని వదిలెయ్. బండి సంగతి ఉంది. పన్నెండు నెలలకు మించి అక్కడే ఉంచుకుంటే ఇక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, అక్కడ మళ్ళీ జీవితకాల పన్ను కట్టి, ఇక్కడ కట్టిన దానిలో మిగిలిన భాగం వాపసు అడుక్కోవాలి. స్కూటరుకే ఇంత తతంగం, కారున్నవాడి సంగతి దేవుడికెరుక.

ఇంటికొచ్చి ఈ కాగితం మా ఆవిడ ముందు పెట్టాను. ఒక్క నిమిషం చూసి, "నా జాకెట్లు ఏవి?" అంది. నిజమే, ఆ గడి నేను వెయ్యనే లేదు. మిషను మీద నెలకు ఎనిమిది వేలు సంపాదిస్తుంది. పెళ్ళిళ్ళ నెలల్లో ఇంకా ఎక్కువ. గ్రీమ్స్‌పేట నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. బెంగళూరులో ఆ పేరు మళ్ళీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. 5,500లో నుంచి 8,000 తీసేసి చూడు. పిల్లల ఫీజుల దాకా పోకముందే అప్పులో ఉన్నాను. ఇరవై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, ఇంట్లో జమను మరిచిపోయాను!

అయినా ఇవన్నీ సర్దుకునేవే. నన్ను నిజంగా కట్టిపడేసింది అమ్మాయి చదువు. ఇప్పుడు ఎనిమిదో తరగతి. మన దగ్గర రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన 1974 నాటి ఉత్తర్వు ఉంది కదా, దాని ప్రకారం ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివితేనే వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతానికి స్థానికురాలు. ఇంజనీరింగులో 85 శాతం సీట్లు స్థానికులకే. తొమ్మిది నుంచి అక్కడ చదివిందా, ఇక్కడి లెక్క తెగిపోతుంది. నేను పదేళ్ళకు పైగా ఇక్కడే ఉన్నవాణ్ణి కాబట్టి మిగిలిన 15 శాతంలో పోటీ పడనిస్తారు, అంతే. పోనీ కర్ణాటక తన పిల్లగా తీసుకుంటుందా అంటే, అక్కడి ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు పన్నెండో తరగతి లోపల ఏడేళ్ళు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలి. ఈ పిల్లకు నాలుగే అవుతాయి. రెండు రాష్ట్రాల నడుమ గట్టు మీద నిలబెట్టినట్టు అవుతుంది. చిన్నవాడికి ఈ బాధ లేదు, పదేళ్ళు పూర్తిగా అక్కడే చదువుతాడు. ఒకే ఇంట్లో ఒకరికి మేలు, ఒకరికి కీడు. ఇల్లు మారడానికి పంచాంగంలో మంచిరోజు చూస్తాం గానీ పిల్లల తరగతి ఎవరైనా చూస్తారా? మూడేళ్ళ కిందట ఈ పిలుపు వచ్చి ఉంటే కళ్ళు మూసుకుని వచ్చేవాణ్ణి.

అమ్మ సంగతి కూడా ఉంది. మూడు నెలలకొకసారి వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇక్కడి నుంచి గంట దారి, పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరతాం. అక్కడి నుంచైతే అదొక ప్రయాణం. బెంగళూరులో పెద్ద ఆసుపత్రులు లేక కాదు, అమ్మకు ఆ డాక్టరమ్మ తప్ప ఇంకెవరూ పనికిరారు.

నేను మన ఊరిని వెనకేసుకొస్తున్నానని అనుకోకు. ఇంజనీరింగుకు తిరుపతి, జబ్బుకు వేలూరు, ఉద్యోగానికి బెంగళూరు. మూడు ఊళ్ళకూ మనది వసారా. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మిద్దె కింద పడుకుంటే రొట్టెలా కాలిపోతాం. ఆ రోజు కె.ఆర్. పురంలో మెట్రో ఎక్కి ఎం.జి. రోడ్డులో దిగినప్పుడు చెమట కూడా పట్టలేదు, నాకు ఆశ పుట్టిన మాట నిజం. అమ్మాయైతే మెట్రోలో కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి ఊరంతా చూసింది.

చివరికి మా మేనేజరుతో మాట్లాడాను. సోమ, మంగళ, బుధవారాలు అక్కడ, మిగతా రోజులు ఇక్కడి నుంచే కంప్యూటర్ మీద. జీతం 60,000 అన్నాడు. గొణుక్కుంటూ ఒప్పుకున్నాను. వచ్చే మార్చి దాకా ఇలా నడుపుతారట, తర్వాత సంగతి తర్వాత.

కాబట్టి అసలు విషయానికి వస్తాను. మీ మేడ మీద గది ఇంకా ఖాళీగానే ఉందా? వారానికి రెండు రాత్రులు. అద్దె తీసుకుంటేనే వస్తాను, ఆరు నెలల అడ్వాన్సు అడిగితే మాత్రం మన పాత గొడవలన్నీ బయటికి తీస్తాను. మా అమ్మ ఇప్పటికే నీ పేరు మీద ఆవకాయ జాడీ ఒకటి విడిగా కట్టి పెట్టింది. శుక్రవారం లోపల ఫోను చెయ్యి. ఆ గదిలో కావేరి కుళాయి ఏ వైపు ఉందో కూడా చెప్పు.

నీ
మురళి