ఉపాసికలకు ఒక గది ఇప్పించండి: అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. ఆదివారాలు కూడుకోవడానికి చోటు కోసం మేం పెట్టుకున్న దరఖాస్తులకు రసీదు తప్ప జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు అడుగుతున్నాం.

మేం నల్గొండ పల్లెల్లోని బౌద్ధ ఉపాసికలం, అంటే ఇంట్లో ఉంటూనే బుద్ధుడి దారిలో నడిచే ఆడవాళ్లం. మాలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లమే. ఆదివారం సాయంత్రం మా ప్రార్థనలైన త్రిశరణం, పంచశీల చదువుకున్నాక పిల్లలకు పాఠాలు చెబుతాం, తాగొచ్చి కొట్టే భర్తల మీద ఫిర్యాదులు రాస్తాం, పింఛను కాగితాలు నింపుతాం. (ధ్యానం కంటే కాగితాలకే ఎక్కువ సమయం పోతుంది, ఆ మాటా నిజమే.) ఇదంతా వేపచెట్టు కిందే. ఫ్లోరైడ్‌తో మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు నేల మీద కూర్చోలేక రావడం మానేశారు. వానొస్తే ఆడపిల్లల చదువు ఆగిపోతుంది. దూరం నుంచి వచ్చిన భిక్షుణిని (బౌద్ధ సన్యాసినిని) రాత్రికి ఉంచుకునే చోటు లేక చీకటి పడకముందే బస్సెక్కిస్తున్నాం. ఊరి కమ్యూనిటీ హాలుకు మాత్రం ఏడాది పొడుగునా తాళమే.

ఆడవాళ్లు ధర్మానికి ఆసరాగా నిలవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నాగార్జునకొండలోని పెద్ద స్తూపం, మహాచైత్యం, ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల ఆడపడుచు చాంతిసిరి దానం. అక్కడే ఉపాసిక బోధిసిరి చైత్యగృహం (స్తూపం ఉండే ప్రార్థనా మందిరం) కట్టించింది. తుమ్మలగూడెం రాగి శాసనాలు విష్ణుకుండిన రాజవంశపు మహారాణి పేరిట వెలసిన విహారం (భిక్షువుల మఠం) గురించి చెబుతాయి. నాగార్జునసాగర్‌లో 2022లో బుద్ధవనం అనే పర్యాటక ఉద్యానం తెరిచారు, సంతోషం. అయితే పర్యాటకుల మీద ఉన్న శ్రద్ధలో కొంత బతికున్న ఉపాసికల మీదా ఉండాలి.

ఆదివారాలు హాలు తాళం మాకు ఇప్పించండి. పెద్దవాళ్లకు కుర్చీలు, మరుగుదొడ్డికి నీళ్లు, భిక్షుణులు రాత్రి ఉండేందుకు ఒక గది కావాలి. కుదరదంటే, కారణమేమిటో నెలలోగా రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
నల్గొండ పల్లెల ఉపాసికల తరఫున