‘స్వల్ప గాయం’ అని రాసేముందు

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మీ పేపర్ జిల్లా పేజీలో దాదాపు రోజూ ఒక వార్త ఉంటది, బైక్ అదుపు తప్పి ఇద్దరికి స్వల్ప గాయాలు, ప్రథమ చికిత్స చేసి ఇంటికి పంపించారు అని. ఇంతకుముందైతే నేనూ ఒక చూపు చూసి పేజీ తిప్పేసేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆ స్వల్ప గాయం ఎక్కడ తగిలిందా అని వెతుక్కుంటున్నా. కాలికో చేతికో అయితే సరే, తలకైతే మాత్రం ఆ వార్త ఇంకా అయిపోలేదనే అనిపిస్తది. ఎందుకో చెప్తా, కాస్త పొడుగు ఉత్తరమే, ఏమనుకోకండి.

మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్నకి 71 ఏళ్ళు, రెండేళ్ళ కింద గుండెకి స్టెంట్ వేశారు, అప్పట్నించీ రక్తం పల్చబడే మాత్రలు రోజూ మింగుతాడు. మినుము పీకే రోజుల్లో టీవీఎస్ మీద చేలో నుంచి వస్తుంటే కాలవ కట్ట మీద కుక్క అడ్డమొచ్చి పడ్డాడు, తల పక్కకి తగిలింది. హెల్మెట్ ఉంది, హ్యాండిల్‌కి వేలాడుతూ! లేచి దులుపుకుని బండి తనే తోలుకుంటూ ఇంటికొచ్చేశాడు. చూస్తే నిమ్మకాయంత బొప్పి, ఇంకేం లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చి టీటీ ఇంజెక్షన్ చేసి వాంతులు లేవుగా ఏం కాదులే అన్నాడు. నేను స్కానింగ్ తీయిద్దాం అంటే పక్కనున్నోళ్ళు పెద్దాసుపత్రికి పోతే యాక్సిడెంట్ అని ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు, పోలీసులొస్తారు, ఎందుకొచ్చిన తలనొప్పి అన్నారు. నాన్న కూడా నాకేమైందిరా గుండ్రాయిలా ఉన్నా అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ కావాల్సింది ఆ మాటే, మినుము నూర్పిడి పని మీదుంది మరి.

మూడు వారాలు బానే ఉన్నాడు. ఒకరోజు పొద్దున రామాలయం అరుగు మీద నుంచి ఇంటికొచ్చాడు, కాళ్ళు కడుక్కోబోతుంటే మా అమ్మ ‘ఏమయ్యా రెండో చెప్పేది’ అంది. ‘కాలికే ఉందిగా’ అన్నాడు, కిందకి చూసుకోకుండానే. ఎడమ చెప్పు వీధి మధ్యలో ఊడి పడుంది, ఊడినట్టు కూడా ఆయనకి తెలీలేదు, అంత దూరం ఉత్తి కాలుతో నడుచుకుంటూ వచ్చేశాడు. మేం నవ్వుకున్నాం. తర్వాత మనవణ్ణి మా బాబాయి పేరుతో పిలవడం, చొక్కా గుండీలు ఒకదానికి ఇంకోటి పెట్టుకోవడం, పగలంతా మగతగా పడుకోవడం, అవన్నీ వయసు మీద పడింది అనుకున్నాం. కాలు ఈడుస్తుంటే అప్పుడు భయమేసింది, చుట్టాలేమో పక్షవాతం, పసరు పోయించుకొద్దాం అని కారు కూడా మాట్లాడేశారు. మా ఎదురింట్లో నర్సింగ్ చదివే పిల్లుంది, ఆ పిల్ల వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ‘పెదనాన్నా ఈమధ్య ఎక్కడన్నా పడ్డారా?’ అని. ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు చూడండి. కారు పసరుకి కాకుండా గుంటూరు పోయింది.

సీటీ స్కాన్ ఎంతోసేపు పట్టలేదు. డాక్టర్ గారు ఫిల్ము లైటుకి పెట్టి చూపించారు, కుడివైపు పుర్రె లోపల నెలవంకలాగా ఒక పట్టీ, అది మెదడుని ఒక పక్కకి నొక్కేసింది. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తా. వయసు పెరిగేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతదంట, దానికీ పుర్రెకీ మధ్య ఉండే సన్నటి సిరలు సాగి ఉంటాయి, చిన్న కుదుపుకే ఒకటి చిరిగి రక్తం బొట్టుబొట్టుగా చేరుతది, వారాలు పట్టుద్ది. బ్లడ్ థిన్నర్ వాడేవాళ్ళకి రిస్కు ఇంకా ఎక్కువ. పక్షవాతమే అనుకుని స్కాన్ లేకుండా ఇంకా గట్టి మాత్రలిచ్చుంటే ఆ రక్తం ఇంకా పెరిగేదంట. పుర్రెకి రెండు చిల్లులు పెట్టి తీసేశారు, బయటికొచ్చింది అచ్చం మాడిన ఇంజనాయిల్‌లా ఉందంట. (అలాగని భయపడి మాత్రలు మనంతట మనమే ఆపెయ్యకూడదు, అది ఇంకో గొడవ, డాక్టర్నే అడగాలి.)

ఇది వారాల లెక్క. గంటల లెక్క ఇంకోటుంది, కణత దగ్గర ఎముక పల్చన, దాని కింద ధమని తెగితే మనిషి మొదట బానే మాట్లాడతాడు, తర్వాత ఒక్కసారిగా పడిపోతాడు. క్రికెటర్ రమణ్ లాంబా గుర్తున్నాడా? 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడితే బంతి తలకి తగిలింది, తనే లేచి నడుచుకుంటూ గ్రౌండ్ బయటికెళ్ళాడు, కాసేపటికి స్పృహ పోయింది, మూడు రోజులకి చనిపోయాడు. నడిచాడు కదా, మాట్లాడాడు కదా అనే ధీమాకి అర్థం లేదు.

తలకి దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరికీ స్కానింగ్ తీయమని నేననట్లేదు, చిన్నపిల్లలకి ఊరికే రేడియేషన్ మంచిది కాదు కూడా. కానీ డాక్టర్‌కి చూపించాలి, తియ్యాలో వద్దో ఆయన చెప్పాలి, మనం కాదు, ఆర్ఎంపీ అసలే కాదు. ఒకటికి రెండుసార్లు వాంతులైనా, తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, లేపితే లేవకపోయినా, మాట తేడాగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలా కారినా 108కి ఫోన్ చెయ్యడమే. పెద్దవాళ్ళనీ బ్లడ్ థిన్నర్ వాడేవాళ్ళనీ మాత్రం ఏ లక్షణం లేకపోయినా అదే రోజు తీసుకెళ్ళాలి, ఆరోజు స్కాన్ బాగున్నా ఒక నెలా రెండు నెలలు కనిపెట్టుకుని ఉండాలి.

ఇంక ఆ పోలీసుల భయం. ఎమ్మెల్సీ అంటే దెబ్బ ఎలా తగిలిందో ఆసుపత్రి రికార్డు చేసి పోలీసులకి తెలియజెయ్యడం, అంతే. ముందు వైద్యం, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతే అని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది. మన ఊళ్ళల్లో ఇంకా బాత్రూంలో జారిపడ్డాం అని అబద్ధం చెప్పేవాళ్ళే ఎక్కువ, కొంతమంది అది కూడా చెప్పకుండా ఇంట్లోనే పడుకోబెడుతున్నారు.

అందుకే నా మనవి ఒక్కటే. ఇకమీదట తలకి స్వల్ప గాయం అని వార్త వేస్తే దాని కిందే రెండు లైన్లు, ఏమేం గమనించుకోవాలో వెయ్యండి. సినిమా ప్రకటనలో కాస్త జాగా తగ్గినా కొంపలేం మునగవు.

నాన్న ఇప్పుడు బానే ఉన్నాడు, చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కొనిచ్చాం. మీ పేపర్ అరుగు మీద ముందు చదివేది ఆయనే. ఈ ఉత్తరం వేస్తే నా చెప్పు సంగతి పేపర్లో ఎందుకు ఎక్కించావురా అని నాకు చీవాట్లు ఖాయం, అయినా వెయ్యండి.

ఇట్లు,
తెనాలి దగ్గర నుంచి మీ పాఠకుడు